గెలవని పిల్లలను మైదానంలో ఎన్నాళ్లు ఉంచాలి?

ఒక తండ్రి, హనుమకొండ:
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, నాలుగేళ్లుగా ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 400 మీటర్ల పరుగు సాధన చేస్తోంది. జిల్లాలో రెండు పతకాలు వచ్చాయి కానీ, రాష్ట్ర పోటీల్లో వరుసగా మూడేళ్లు హీట్స్ (తొలి దశ పరుగులు) దాటలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, సాయంత్రం మళ్లీ మైదానానికి వెళ్లి, రాత్రి పుస్తకం ముందు కునికిపాట్లు పడే బిడ్డను చూస్తుంటే, ఏ సాధనకైనా ఒక గడువు ఉండాలనీ, ఆ లోపు ఫలితం రాకపోతే గౌరవంగా విరమించుకోవడమే మేలనీ నాకు అనిపిస్తోంది. ఆమె ఒప్పుకోవడం లేదు. మైదానం తెలిసిన పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, పర్వతగిరి:
మీ ఆవేదన అర్థమైంది కానీ, గడువు అన్న మాటను నేను అంగీకరించలేను. మా మండలంలోని కల్లెడలో కూలి చేసుకునే తల్లిదండ్రులకు మేధోపరమైన లోపంతో పుట్టి, ఎన్నో హేళనలు విన్న జీవంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ఇదే 400 మీటర్లను అలాంటి లోపం ఉన్నవారి టీ20 విభాగంలో 55.07 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌కు వచ్చేసరికి ఆమె సమయం 55.82కు పెరిగినా కాంస్యం దక్కింది. నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయిన తరువాత, 2017లో భుజం గాయంతో ఆటకు దూరమై, 2019 డిసెంబరు ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. ఆనాడే గడువు ముగిసిందని ఇంట్లో నిర్ణయించి ఉంటే 2022లో ఇస్తాంబుల్ ప్రపంచ పోటీల స్వర్ణం, మరుసటి ఏడాది ఢిల్లీ స్వర్ణం మనకు ఉండేవి కావు.

పాత కబడ్డీ ఆటగాడు, హుజూరాబాద్:
సార్, మీ మాట కాదనడానికి బాధగానే ఉంది. గెలిచిన ఇద్దరి కథ మనకు తెలుసు. వారితో పాటే చెమటోడ్చి, వారిలాగే పట్టు వదలకుండా ఉండి, ఎక్కడికీ చేరని వారి కథ ఎవరు చెప్పాలి? నేను రైడర్‌ని. పందొమ్మిదో ఏట మోకాలి లిగమెంటు తెగితే, శిక్షకుడు పట్టుదల ఉన్నవాడు నొప్పిని లెక్కచేయడని చెప్పగా, గుడ్డ పట్టీ కట్టుకుని రెండు సీజన్లు ఆడాను. ఎమ్మారై తీయించుకునే నాటికి లోపలి మృదులాస్థి కూడా దెబ్బతిన్నది. ఇప్పుడు ఎరువుల దుకాణంలో బస్తా ఎత్తలేను. ఆ రెండేళ్లూ నేను చేసిన దాన్ని అందరూ పట్టుదల అని మెచ్చుకున్నారు. నిజానికి ఒకే తప్పును ప్రతిరోజూ మళ్లీ చేయడం అది. తండ్రిగారు అడిగిన ప్రశ్న సరైనదే.

విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు:
తమ్ముడూ, మీ శిక్షకుడు చేసింది తప్పు. గాయాన్ని దాచి ఆడించడాన్ని నేను ఏనాడూ సమర్థించలేదు. ఒకే తప్పును మళ్లీ మళ్లీ చేయడమన్న మీ మాట మాత్రం నా వాదనను కొంత మార్చింది. దాన్ని పట్టుకునే తండ్రిగారిని ఒకటి అడుగుతాను. మూడేళ్లు ఓడిందన్నారు కానీ, ఎలా ఓడిందో చెప్పలేదు. 400 మీటర్లలో మొదటి సగాన్ని శక్తికి మించి పరుగెత్తితే కండరాలలో ఆమ్లత పెరిగి, చివరి వంద మీటర్లలో కాళ్లు రాళ్లవుతాయి. బాగా పరుగెత్తేవారికి రెండు సగాల మధ్య తేడా సాధారణంగా రెండు మూడు సెకన్లే ఉంటుంది. మీ అమ్మాయికి ఎంత ఉంది? స్టాప్‌వాచ్‌తో కొలిచి చెప్పండి. గడువు సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.

ఒక తండ్రి, హనుమకొండ:
సార్, నిన్న ఉదయం 200 మీటర్ల గీత దగ్గర ఫోనులోని స్టాప్‌వాచ్‌తో నిలబడ్డాను. మొదటి సగం 28.4, రెండో సగం 36.1, మొత్తం 64.5. ఇంటికి వచ్చి ఆమె డైరీ అడిగి చూస్తే, మూడేళ్ల రాష్ట్ర పోటీల సమయాలు వరుసగా 64.8, 64.3, 64.6 అని ఉన్నాయి. నాలుగేళ్లు ఫీజు కట్టి, పాలూ గుడ్లూ చూసుకున్న నేను ఆ పేజీ ఒక్కసారీ తెరవలేదు. శిక్షకుడితో మాట్లాడి, మొదటి 200 మీటర్లను 30 సెకన్లకు తగ్గకుండా పరుగెత్తే సాధన, వారానికి రెండు రోజులు ఎనిమిది నిమిషాల విరామంతో 300 మీటర్ల పరుగులు మొదలుపెట్టించాము. హుజూరాబాద్ తమ్ముడు చెప్పినట్లు మోకాళ్లను ముందే వైద్యుడికి చూపిస్తున్నాను. నెమ్మదిగా మొదలుపెట్టడం అమ్మాయికి భయంగా ఉందట. పక్క లేన్లవాళ్లు ముందుకు పోతుంటే చూస్తూ ఉండటం చేతకావడం లేదంటోంది. అందుకని ఈ ఆదివారం తనకంటే వేగంగా పరుగెత్తే ఇద్దరిని పక్కన పెట్టి పరుగెత్తిస్తామన్నారు. 200 మీటర్ల గీత దగ్గర మళ్లీ నేనే నిలబడతాను.