అప్‌డేట్: అమ్మకు వినికిడి తగ్గింది, ఈ వయసులో సైన్ లాంగ్వేజ్ ఉపయోగపడుతుందా?

మా అమ్మగారికి వినికిడి తగ్గుతోందని, ఇప్పుడు సంజ్ఞా భాష నేర్చుకుంటే ప్రయోజనం ఉంటుందా అని లోగడ ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందు ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత ఉందో చూపే పరీక్ష) చేయించమన్న సూచనే దారి చూపింది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, వినికిడి వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రంలో పరీక్షించి, లోపం లోపలి చెవిలో ఉందని, అందువల్లే స, శ వంటి సన్నని ధ్వనులు అందక మాట వినిపించినా అర్థం కావడం లేదని వివరించారు. గులిమి అడ్డుపడి ఉంటుందన్న మా అనుమానానికి ఆధారం లేదని తేలింది.

హియరింగ్ ఎయిడ్‌తో నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగానే వింటున్నారు గానీ, మిక్సీ తిరుగుతున్నప్పుడూ పెళ్లిళ్లలోనూ సంజ్ఞలే ఆదుకుంటున్నాయి. భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం వారి నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. మేము ఆ వీడియోలతోనే నేర్చుకున్నాం. అమెరికన్ సంజ్ఞల యాప్ మాకు పనికిరాలేదు, ఎందుకంటే అక్కడ అక్షరాలను ఒంటి చేత్తో చూపిస్తారు, మన దగ్గర రెండు చేతులూ వాడతారు. కుడి చూపుడువేలితో ఎడమ బొటనవేలి కొనను తాకితే ఇంగ్లీషు ‘ఏ’ (A), ఎడమ చూపుడువేలి కొనను తాకితే ‘ఇ’ (E) అని అమ్మ మనవరాలికి నేర్పుతుంటే నాకెంతో ధైర్యం కలిగింది.

ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలన్న సలహాను మాత్రం దయచేసి ఎవరూ వదలవద్దు. అమ్మ ఒక్కరే నేర్చుకుని ఉంటే ఆమెకు బదులిచ్చేవారు ఉండేవారు కాదు.