ఆక్సీమీటర్‌లో 98, రక్తపరీక్షలో 8.2: ఏది నమ్మాలి?

కృష్ణలంక: అమ్మకు అరవై దాటాయి. ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతుంటే ఆయాసం, పది మెట్లకోసారి కూర్చుండిపోయారు. ఇంటికొచ్చి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 98. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 గ్రాములు. ఆక్సిజన్ అంత నిండుగా ఉంటే రక్తహీనత ఎక్కడిది, రిపోర్టే తప్పు అని అన్నయ్య వాదన. మీరేమంటారు?

సత్యనారాయణపురం: మీ అన్నయ్య మాటే సబబుగా ఉందండి. కోవిడ్ రోజుల్లో అందరం ఆ అంకెనే నమ్ముకున్నాం. మరో ల్యాబ్‌లో చేయించండి.

బ్రాడీపేట: రెండూ సరైనవే కావచ్చు. హిమోగ్లోబిన్ అణువులో ఆక్సిజన్ పట్టే చోట్లు నాలుగు, వాటినే హీమ్‌లంటారు. ఒక్కో హీమ్ నడుమ ఒక ఇనుము పరమాణువు, దాన్ని పట్టుకుని ఒక ఆక్సిజన్ అణువు. ఉన్న చోట్లలో నూటికి 98 నిండాయని ఆక్సీమీటర్ చెబుతుంది. అసలు చోట్లు ఎన్ని ఉన్నాయో దానికి తెలియదు. ఎర్ర కాంతినీ పరారుణ కాంతినీ వేలిగుండా పంపి, రెండూ ఏ నిష్పత్తిలో ఇంకాయో చూస్తుంది. నిష్పత్తి తీసేసరికి హిమోగ్లోబిన్ మొత్తం ఎంతన్నది లెక్కలోంచి ఎగిరిపోతుంది.

లెక్క వేసి చూడండి. గ్రాము హిమోగ్లోబిన్ మోసేది సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్. 100 మి.లీ. రక్తంలో 13 గ్రాములున్నవారికి దాదాపు 17 మి.లీ. అందుతుంది. మీ అమ్మగారికి 11 కూడా లేదు. వేలి మీద మాత్రం ఇద్దరికీ 98!

తెనాలి: ఆక్సిజన్ సిలిండర్ పెడితే సరిపోదా?

బ్రాడీపేట: చోట్లు ఎలాగూ నిండే ఉన్నాయి కదండీ. ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవంలో, విడిగా కరిగేది 100 మి.లీ. రక్తానికి 0.3 మి.లీ. మాత్రమే. అచ్చమైన ఆక్సిజన్ పీల్చినా అది రెండు మి.లీ. దగ్గరే ఆగుతుంది. లోటు తీరదు.

సత్యనారాయణపురం: మూడో వంతుకు పైగా తక్కువైతే మంచం పట్టాలి. కూర్చుంటే ఆవిడకు ఏ ఇబ్బందీ లేదంటున్నారే?

బ్రాడీపేట: కృష్ణలంక గారు ఆ మాట అనలేదు గానీ, అలా ఉండటం సహజమే. విశ్రాంతిలో శరీరం వాడుకునేది వచ్చినదాంట్లో పావు వంతే, మిగిలింది సిరల్లో వెనక్కి పోతుంది. పైగా రక్తం నెమ్మదిగా తగ్గితే ఎర్రకణాల్లో 2,3-బీపీజీ అనే పదార్థం పెరుగుతుంది, దాంతో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను తేలిగ్గా వదులుతుంది. మెట్లెక్కినప్పుడు కండరాలు ఇంకా అడుగుతాయి. ఇవ్వడానికి అంత మిగులు లేదు, గుండె దడదడలాడుతుంది.

సత్యనారాయణపురం: ఏమైనా ఒక్క రిపోర్టు చూసి మాత్రలు మింగించడం నాకు నచ్చదు.

బ్రాడీపేట: నాకూ నచ్చదు, మళ్లీ చేయించండి. కానీ ఆక్సీమీటర్‌ను మాత్రం సాక్ష్యానికి పిలవకండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఆ చోట్లను ఆక్రమిస్తుంది. మామూలు ఆక్సీమీటర్ దాన్నీ ఆక్సిజన్ కిందే జమకడుతుంది.

కృష్ణలంక: రేపు డాక్టరు గారికి చూపిస్తున్నాం. ఏమడగాలి?

బ్రాడీపేట: ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), విటమిన్ బి12 చూడాలేమో అడగండి. ఇనుమే తక్కువని తేలితే, ఈ వయసులో కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో కూడా చూడమనండి.