మస్కట్ల ఐటెం: హాల్ వాళ్లు ముసుగులు వద్దన్నారు, ఈ రాత్రికే తేల్చాలి

హాల్ అన్న, మంగళవారం రాత్రి 8:10
అందరికీ నమస్కారం. లిస్టులో నా పనులు ఎంతవరకు వచ్చాయో రాద్దామని కూర్చునేసరికి హాల్ మేనేజర్ మెయిల్ వచ్చింది. ముఖం మొత్తం కప్పే తలలు, గాలి నింపే సూట్లు లోపలికి రానివ్వరట. అగ్ని ప్రమాదం జరిగితే పిల్లలకు దారి కనపడదు అంటున్నారు. ఫోన్ చేసి బతిమాలాను, వినలేదు. మన సంఘం ప్రోగ్రాం శనివారం. ప్రకటనల మస్కట్ల, అంటే కంపెనీల గుర్తు బొమ్మల పరేడ్‌లో పదకొండు మంది పిల్లలుంటే ఆరుగురివి పెద్ద తలలే. కుర్చీలు, మైకులు, పార్కింగ్, బ్యానర్ సంగతి రేపు చూద్దాం.

లెక్కల అన్న, 8:24
ఆ ఆరు సూట్లకు అడ్వాన్స్ కట్టేశాం. వాపసు ఇవ్వరు. హాల్ కాగితాలు సంతకం పెట్టే ముందు చదవాలి కదా? పోయినేడాదీ ఇదే గొడవ.

హాల్ అన్న, 8:31
చదివాను. భద్రతా నియమాలు పాటించాలి అని ఒక్క ముక్క ఉంది, అంతే. పెద్ద తలలు తెస్తున్నట్టు నాకు ఎవరు చెప్పారు? ఆఫీసుకు సెలవు పెట్టి మూడుసార్లు తిరిగాను ఆ హాల్ కోసం. ఇంకెవరైనా చూసుకుంటానంటే తాళాలు రేపే ఇచ్చేస్తాను.

పిల్లల వదిన, 8:40
తాళాలు ఎవరూ అడగలేదు అన్నయ్యా. మీకు చెప్పకపోవడం నా పొరపాటు. నా టెన్షన్ అంతా పిల్లల గురించే. వొడాఫోన్ యాడ్స్‌లోని ఆ తెల్ల బొమ్మ జూజూ వేషం వేసే పాప రెండు నెలలుగా ఆ నడక ప్రాక్టీస్ చేస్తోంది. వద్దని ఆ పిల్లకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

లెక్కల అన్న, 8:52
మాట తూలాను, ఏమనుకోకు. డబ్బు పోతే పోయింది. కానీ ముసుగు లేకుండా జూజూ ఎలా అవుతుంది? ఆ పాత్ర అంతా ముసుగే కదా.

పోస్టర్ తమ్ముడు, 9:05
అన్నా, నిజానికి అక్కడే ఉంది అసలు విషయం. ఒక్కో మస్కట్‌కి ఏది తీసేస్తే గుర్తుపట్టలేమో చూద్దాం. ఎయిర్ ఇండియా మహారాజాకి తలపాగా, మీసం, వంగి చేసే నమస్కారం చాలు. 1946లో బాబీ కూకా, ఉమేష్ రావు కలిసి తయారుచేసిన బొమ్మ అది. గట్టుకి నుదుటి మీద పడే జుట్టు, చేతిలో బ్రష్షు. ఆర్.కె. లక్ష్మణ్ 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం గీసిన ఆ కుర్రాణ్ణి నాలుగు గీతల్లో ఎవరైనా గీయొచ్చు. అమూల్ పాపకి నీలం జుట్టు, చుక్కల గౌను. వీటికి సూట్లే అక్కర్లేదు. చిక్కంతా జూజూ, మిషలిన్ టైర్ల మనిషి, కుక్కపిల్ల, రెండు కుందేళ్లు, మన సంఘం చిలుకతోనే.

బాబాయ్, 9:20
ముసుగు వద్దంటే నీడ వద్దనలేదుగా. తెల్లగుడ్డ కట్టి వెనక లైటు పెట్టండి. పిల్లలు అట్టబొమ్మలు పట్టుకుని ఆడిస్తారు, ముందు కూర్చున్నవాళ్లు పేరు చెప్పాలి. మొహాలు కప్పక్కర్లేదు, దారీ కనపడుతుంది.

పిల్లల వదిన, 10:35
బాబాయ్‌గారూ, ఇప్పుడే ఇంట్లో గోడ మీద ఫోన్ టార్చ్‌తో చూశాం. మహారాజా అద్భుతం. ముక్కు, తలపాగా పడగానే మా అమ్మాయి పేరు చెప్పేసింది. అమూల్ పాప మాత్రం రాలేదు. పిలక నిలబడింది కానీ నీడలో చుక్కలు లేవు, మామూలు గౌను పిల్ల అయిపోయింది. అప్పుడు పేపర్లకు కన్నాలు వేసే మెషీన్‌తో గౌను నిండా కన్నాలు పొడిచాం. లైటు ముందు పెట్టగానే గోడ మీద చుక్కలు వెలిగాయి. చూస్తుంటే ఒళ్లు పులకరించింది. ఆ చుక్కలే ఆ పాప అని నాకు అప్పుడే తెలిసింది. 1966 నుంచి హోర్డింగుల మీద ఆ రోజు వార్తను బట్టి మాటలు మారుతున్నాయి, చుక్కలు మాత్రం మారలేదు.

పోస్టర్ తమ్ముడు, 10:50
వదినా, అయితే జూజూకి కూడా కన్నాలే వేద్దాం. 2009లో ఐపీఎల్ సమయంలో వొడాఫోన్ యాడ్స్ చూసి అందరూ యానిమేషన్ అనుకున్నారు కదా, లోపల ఉన్నది మనుషులే. ముఖంలో భావాలు మార్చాలంటే రబ్బరు కళ్లు, నోళ్లు అతికించేవారు. మనం మూడు తలలు కోద్దాం: నవ్వు, భయం, కోపం. పాప తన నడకే నడుస్తూ తలలు మారుస్తుంది. పెద్ద తల, సన్న కాళ్లు ఉంటే చాలు. టైర్ల మనిషి అయితే గుండ్రాలు ఒకదాని మీద ఒకటి, అంతే. 1898లో వచ్చిన బొమ్మ. అప్పటి టైర్లు నల్లగా ఉండేవి కావు కాబట్టి తెల్లగా గీశారు. నీడలో నల్లబడి ఇప్పటి టైర్లలాగే ఉంటాడు.

బాబాయ్, బుధవారం ఉదయం 6:15
కుక్కపిల్ల ఒక్కటే వస్తే ఏ కుక్కో ఎవరికీ తెలియదు. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనల్లో అది కుర్రాడి వెనకే నడిచేది, ఎక్కడికెళితే అక్కడికి నెట్‌వర్క్ కూడా వస్తుందని చెప్పడానికి. ముందు కుర్రాడి బొమ్మ నడిపించండి, వెనక కుక్క. అప్పుడు అడగకుండానే చెబుతారు. రెండు కుందేళ్లూ తీసేయండి. డ్యూరాసెల్‌ది 1973, ఎనర్జైజర్‌ది 1989, రెండూ గులాబీ రంగే, రెండూ డ్రమ్ము కొట్టేవే. చూసినవాళ్లు ఏది ఏ బ్యాటరీదో తికమకపడతారు.

హాల్ అన్న, 7:02
మొన్న ఎవరో సిగరెట్ కంపెనీ ఒంటెను కూడా పెడదామన్నారు. దయచేసి వద్దు. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరేళ్ల పిల్లలు ఆ ఒంటెను దాదాపు మిక్కీ మౌస్‌ని గుర్తుపట్టినంతగా గుర్తుపట్టారు. చివరికి 1997లో కంపెనీ దాన్ని మానుకోవాల్సి వచ్చింది. మన పిల్లల చేత అది ఆడించలేను.

పిల్లల వదిన, 7:10
వద్దన్నయ్యా, అది లేదు. మరి మన చిలుక? నిన్న గోడ మీద అది కాకిలా పడింది.

లెక్కల అన్న, 7:31
ఆ చిలుక మనం ఓట్లు వేసి ఎన్నుకున్నది. తీసేస్తే చాలామంది బాధపడతారు.

పోస్టర్ తమ్ముడు, 7:48
గీసింది నేనే అన్నా, నాకూ బాధే. కానీ అందరి మాటా పెట్టి తలపాగా ఒకరిది, పుస్తకం ఒకరిది, జెండా ఒకరిది కలిపాను. ఒక్కటీ చిలుకది కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నీలం బొమ్మకి కూడా ఇలాగే జరిగింది. మొదట దాని పేరే ఇదేమిటి అని అర్థం వచ్చేలా పెట్టారు, ఆఖరి వరకూ జనం ఆ ప్రశ్నే అడిగారు. పుస్తకం, జెండా తీసేసి ముక్కు వంపు పెద్దది చేసి మళ్లీ కోస్తాను. ఈ రాత్రి గోడ మీద వేసి చూద్దాం. కాకిలాగే ఉంటే ఈసారికి ఆపేద్దాం.

లెక్కల అన్న, 12:40
సరే. నల్ల అట్టలు, కర్ర పుల్లలు, టేపు నేను తెస్తాను. అడ్వాన్స్ నష్టం నా పేరు మీదే రాసుకున్నాను, ఎవరూ దాని గురించి మాట్లాడొద్దు.

హాల్ అన్న, సాయంత్రం 5:55
మేనేజర్‌తో మాట్లాడాను. గుడ్డ వెనక వేడెక్కని ఎల్ఈడీ లైటు అయితే అభ్యంతరం లేదన్నారు, మెయిల్‌లో కూడా రాయించుకున్నాను. తాళాలు నా దగ్గరే ఉన్నాయి, శనివారం మధ్యాహ్నం రెండింటికి తెరుస్తాను. పెద్ద తెల్ల దుప్పటి ఎవరి దగ్గరుంది? మధ్యలో కుట్టు లేనిది కావాలి. మా ఇంట్లోది పెట్టి చూస్తే కుట్టు గీత సరిగ్గా మహారాజా ముక్కు మీద పడుతోంది.