క్లెయిమ్ ఫారం నింపడానికి డాక్టరుకు మళ్లీ ఫీజు ఇవ్వాలా?

తణుకు తమ్ముడు:
మా బావగారు ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయారు. జీవిత బీమా పాలసీ తీసుకుని అప్పటికి రెండేళ్లే. మూడేళ్లు నిండకుండా పోతే కంపెనీ విచారణ చేస్తుందని, ఆఖర్న చూసిన డాక్టరుతో ఫారం నింపించి తెమ్మని ఏజెంటు చెప్పాడు. అక్కని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్లో ఉన్నమ్మాయి ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, "2,000 అవుతుందండీ, రసీదు ఉండదు" అంది. అక్క కవర్లోంచి బావగారి మందుల చీటీలన్నీ తీసి బల్ల మీద పరిచింది, అవి చూస్తే వదిలేస్తారేమోనని. మూడు రోజుల ఐసీయూకి లక్షా ఎనభై వేలు కట్టాం. మనిషి ఎలా పోయాడో రాసివ్వడానికి మళ్లీ డబ్బేమిటి? అది వైద్యంలో భాగం కాదా?

ఊరి వైద్యుడు:
తమ్ముడూ, రసీదు లేకుండా డబ్బు అడగడం తప్పు. అందులో రెండో మాట లేదు. కానీ అసలు ఫీజే ఉండకూడదంటే ఒప్పుకోను. ఇరవై ఏళ్లుగా ఈ ఫారాలు నింపుతున్నాను. బయటివాళ్లకి అది ఒక్క సంతకం. ఆఖర్న చూసిన డాక్టరు నింపాల్సిన ఎల్ఐసీ వాళ్ల 3784 ఫారం ఒకసారి చదవండి. జబ్బు మొదట ఎప్పుడు కనబడింది, ఆ సంగతి రోగి చెప్పాడా ఇంకొకరు చెప్పారా, అంతకుముందు ఎవరు చూశారు అని అడుగుతారు. ప్రతిదానికీ పాత కేస్‌షీట్ వెతికి తీయాలి.

ఒక్క అంకె తప్పు పడితే ఏమవుతుందో చూశాను. మా దగ్గరికి అర్ధరాత్రి ఒక పెద్దాయన్ని తెచ్చారు. వెంట వచ్చిన పక్కింటాయన "ఐదారేళ్లుగా షుగరండీ" అంటే డ్యూటీ డాక్టరు అలాగే రాసేశాడు. నిజానికి షుగరు బయటపడి ఏడాదే. పాలసీకి ముందే జబ్బు ఉంది, దాచారు అని కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. ఆ కుటుంబం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లింది. నేనూ రెండు రోజులు క్లినిక్ మూసుకుని సాక్ష్యానికి వెళ్లాను. ఆ బాధ్యతకే ఫీజు. మా బోర్డు మీద 300 అని రాసి ఉంటుంది, రసీదు ఇస్తాం. మనిషి పోయిన కేసుల్లో మాత్రం తీసుకోను.

లాయరు శారద:
రెండు కాగితాలు కలిపేయకండి. మరణ కారణం ధ్రువపత్రం వేరు. ఆఖరి జబ్బులో చూసిన డాక్టరు దాన్ని ఫీజు లేకుండా ఇవ్వాలని 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 10వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. బీమా ఫారం దాని కిందకి రాదు. అయితే కేస్‌షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. తమ్ముడుగారూ, ముందు అది రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. ఫారంలో ఏం రాశారో సరిచూసుకోవడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

బిల్లింగ్ కౌంటర్:
ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ఉన్నది చెబుతున్నా. ఆరోగ్య బీమాలోనూ ఇదే గొడవ. బిల్లు ముందు మీరు కట్టి తర్వాత కంపెనీ నుంచి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్ ఫారంలో ఎ భాగం మీరు, బి భాగం ఆసుపత్రి నింపాలి. మా దగ్గర బి భాగానికి ఫైలు ఛార్జీ వేస్తారు. కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ అయితే దాదాపు అవే వివరాలు పైసా అడక్కుండా వెంటనే పంపేస్తాం, ఎందుకంటే అక్కడ డబ్బు రావాల్సింది మాకు. ఈ తేడా నాకు మొదట్నుంచీ మింగుడుపడలేదు.

తణుకు తమ్ముడు:
డాక్టరుగారూ, మీరు చెప్పాక నా కోపం సగం తగ్గింది. పనికి డబ్బు అడగడం తప్పనను. నా ప్రశ్నే మారింది: ఆ డబ్బు మా అక్క ఎందుకు ఇవ్వాలి? బావగారు పాలసీ తీసుకునేటప్పుడు బీపీ చూసి, మూత్ర పరీక్ష రాసిన డాక్టరుకు ఫీజు కంపెనీయే ఇచ్చింది. వాళ్లకి కావాల్సిన సమాచారం కాబట్టి వాళ్లే ఇచ్చారు. క్లెయిమ్ దగ్గర అడుగుతున్నదీ కంపెనీయే, చదివేదీ కంపెనీయే. ఫారం నేరుగా ఆసుపత్రికి పంపి, ఫీజు వాళ్లే కట్టొచ్చు కదా? అలాగైతే డాక్టరు శ్రమ వృథా పోదు, ఇంటాయన పోయిన మనిషి కౌంటర్ ముందు చీటీలు పరుచుకునే అవసరమూ రాదు. ఈ పద్ధతి రావాలని బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐకి ఉత్తరం రాస్తున్నాను. సంతకం పెట్టేవాళ్లు చెప్పండి.

2,000 కట్టాం, నిన్న ఫారం చేతికొచ్చింది. జబ్బు సంగతి ఎవరు చెప్పారు అన్న చోట ఖాళీ వదిలేశారు. సోమవారం బ్రాంచికి వెళ్లాలి. అలాగే ఇచ్చెయ్యమంటారా?

ఊరి వైద్యుడు:
వద్దు. రేపే వెళ్లి రాయించండి, పక్కన డాక్టరు సంతకం కూడా పెట్టించండి. బ్రాంచిలో ఇచ్చే ముందు ప్రతి పేజీ జిరాక్స్ తీసుకోండి. నా పేరు కూడా ఆ ఉత్తరంలో రాయండి.