ఫిన్సె నుంచి ఫ్లోమ్‌కి: సైకిలా, కాలినడకా?

గోదారిగట్టు
నార్వేలో రల్లార్‌వేగెన్ అనే కొండబాట, జులై ఆఖరి వారం. ఇద్దరం. ఒకరికి సైకిల్ బాగా అలవాటు, ఇంకొకరికి నడకే. ఫిన్సెలో రైలు దిగి ఫ్లోమ్‌లో ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపాయ) ఒడ్డుకి చేరాలి. ఇద్దరూ సైకిలెక్కడం మేలా, ఇద్దరూ నడవడం మేలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చైనుగ్రీజు
సైకిలే, ఆలోచించక్కర్లేదు. బెర్గెన్ రైలు మార్గం కట్టేటప్పుడు సామాను తోలడానికి వేసిన బండిబాట అది. లైను 1909లో మొదలైంది, బాట మాత్రం మిగిలింది. ఫిన్సె 1222 మీటర్లు, ఫాగర్‌వాట్న్ దగ్గర 1343, అంతకన్నా ఎత్తు లేదు. అక్కణ్ణించి మొత్తం మీద సముద్రం దాకా దిగుడు.

దిగుడే కదా అని ఊరి సైకిల్ తీసుకెళ్ళకండి. దారిలో వచ్చే హాల్లింగ్‌షైడ్ స్టేషన్ దాకా తేలిన రాళ్ళ మీదే నడపాలి. టైరు 40 మి.మీ. కన్నా సన్నగా ఉంటే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి ట్యూబుకి జంట చిల్లులు పడతాయి. 45 మి.మీ. టైరు, 75 కిలోల మనిషి అయితే టైరులో గాలి 35–40 పీఎస్ఐ చాలు. రోడ్డు మీదలాగా 60 కొడితే ఒళ్ళు హూనం. వెనక క్యారియర్ బోల్టులు అదురుకి ఊడతాయి, ముందే లాక్‌టైట్ (మరలు ఊడకుండా పట్టే జిగురు) పూయండి, రెండు ఎం5 (5 మి.మీ.) బోల్టులు అదనంగా జేబులో వేసుకోండి.

బూటుకాళ్ళు
మ్యూర్డాల్ స్టేషన్ దాటాక ఫ్లోమ్ వైపు దిగుడులో వచ్చే 21 హెయిర్‌పిన్ వంపుల మాట చెప్పలేదే? కంకర, నిటారు, పక్కన లోయ. అక్కడ దిగి సైకిల్ నడిపించుకుంటూ పోవాలి. అలవాటు లేని మనిషిని "సైకిలే" అని తోసెయ్యడం ఏం సలహా?

చైనుగ్రీజు
బ్రేకులు సరిగా ఉంటే ఎక్కే దిగొచ్చు. వేగం తగ్గించుకుంటే చాలు.

బూటుకాళ్ళు
వేగం తగ్గించడం అంటే బ్రేకు పట్టుకునే ఉండడమేగా. అదే కదండీ చక్రం మధ్యనుండే బ్రేకు డిస్కుని కాల్చేది. మనిషి, సైకిల్, సంచులు కలిపి 100 కిలోలు అనుకోండి. 100 మీటర్లు దిగితే 98 కిలోజౌళ్ళు, అంటే లీటరు నీళ్ళని 23 డిగ్రీలు వేడెక్కించేంత. అదంతా నూట చిల్లర గ్రాముల ఉక్కు రేకులోకి పోవాలి. డిస్కుని నొక్కిపట్టే ప్యాడ్ రెసిన్‌ది (లోహం కాని మెత్తటి రకం) అయితే పైన గాజులా మెరుపెక్కి జారుతుంది, లివరు గట్టిగానే ఉంటుంది కానీ బండి ఆగదు. రిమ్ము బ్రేకయితే ఇంకా ఘోరం, వేడికి ట్యూబే పేలుతుంది.

చైనుగ్రీజు
లెక్క సగమే చెప్పారు. మొత్తం వేడి కాదు, సెకనుకెంత అన్నది చూడాలి. నూటికి పది వాలు మీద అదే 100 కిలోలు గంటకు 10 కి.మీ. తో దిగితే సుమారు 270 వాట్లు, 20 తో దిగితే 545. మెల్లగా పోతే గాలికి చల్లారే టైము ఉంటుంది. రెండు బ్రేకులూ పంచి వాడాలి, వంపుకి ముందు గట్టిగా నొక్కి వంపులో వదలాలి, అయిదారు వంపులకోసారి ఆగాలి. డిస్కు మీద నీళ్ళు మాత్రం పొయ్యకండి, వంకర పోతుంది.

ఇంకో సంగతి. రెసిన్ తీసి మెటల్ ప్యాడ్లు వేసుకుందామనుకునేవాళ్ళు ముందు డిస్కు మీద రాత చదవండి. చవక డిస్కుల మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఉంటుంది. దాని మీద మెటల్ ప్యాడ్ వేస్తే డిస్కే అరిగిపోతుంది.

విశాఖ_వీల్స్
అద్దె సైకిల్ తీసుకున్నచోట ప్యాడ్లు చూస్తానంటే విసుక్కున్నారు. 😑 ఏ షాపో చెప్పను.

బూటుకాళ్ళు
చూశారా! అద్దె సైకిల్ ప్యాడ్ ఎంత మిగిలిందో అద్దెకి తీసుకున్నవాడికే తెలీదు. తడి కంకర మీద కొత్త ప్యాడ్ ఒక్క రోజులో సగమైపోవచ్చు. చక్రం తియ్యక్కర్లేదు, క్యాలిపర్ (ప్యాడ్లుండే బిగింపు) పైనుంచి టార్చి వేసి చూడండి: ప్యాడ్ వెనక రేకు మినహాయించి మందం ఒక మి.మీ. లేకపోతే అప్పుడే మార్పించండి.

మంచుబొమ్మ
బ్రేకుల గోల సరే, జులై ఆఖరు కదా, మంచు సంగతి అడగండి. ఫిన్సెకి పడమర మంచు తిన్నెలు ఆగస్టులోనూ ఉండొచ్చు. క్లేవయెలె అనే ఇరుకు దగ్గర వాలిన మంచు మీద జారితే కింద ఏరే. అక్కడ సైకిల్ లోయ వైపు ఉండాలి, మనిషి కొండ వైపు. జారితే సైకిల్ని వదిలెయ్యాలి.

గోదారిగట్టు
ఏటి పక్కన వదిలేస్తే డిపాజిట్ పోతుంది కదండీ 😄

మంచుబొమ్మ
డిపాజిట్టే కదా. పొడుగు వేళ్ళ గ్లోవ్స్ మర్చిపోకండి. జులైలోనూ పైన వానకి తోడు అయిదు డిగ్రీలుంటే వేళ్ళు మొద్దుబారి బ్రేకు నొక్కలేరు. గాలి కూడా ఎక్కువసార్లు పడమటిదే, అంటే ముఖానికే.

చైనుగ్రీజు
బూటుకాళ్ళు గారూ, మీరు ప్రతి సైకిల్ థ్రెడ్‌లోకీ వచ్చి ఇదే పాట. వంపుల దగ్గర దిగి నడవమని నేనూ ఒప్పుకుంటా, కొత్తవాళ్ళకి. అందరినీ దిగమంటే ఎలా? చేతకానివాళ్ళ కొలతతో అందరికీ చొక్కా కుడతారా?

బూటుకాళ్ళు
చేతనైనవాడితోనే నా బాధ. ఏ వంపులో పడకుండా దిగగలడో వాడే గంటకు 30 తో వస్తాడు. కింద నుంచి పిల్లల్ని పట్టుకుని ఎక్కేవాళ్ళు బెల్లు విని లోయ అంచుకి జరగాలా? మీ ప్యాడ్లు మెటలా రెసినా అన్నది వాళ్ళకెందుకు? ఇన్ని పోస్టుల్లో నడిచేవాడి మాట ఒక్కసారైనా ఎత్తారా మీరు?

చైనుగ్రీజు
అదన్నమాట అసలు సంగతి. బ్రేకులు కాదు, సైకిళ్ళే ఉండకూడదు మీకు. 1957 నాటి ఫ్రిలుఫ్ట్స్‌లోవ్ (ఆరుబయట తిరిగే హక్కుల) చట్టం కొండ మీద సైకిల్‌కీ నడకకీ ఒకే హక్కు ఇచ్చింది.

బూటుకాళ్ళు
ఆ చట్టం రెండో సెక్షన్‌లోనే ఎదుటివాళ్ళని చూసుకుంటూ, తగిన జాగ్రత్తతో వెళ్ళాలనే షరతూ ఉంది. ఆ సగం చదవరు. సైకిళ్ళు ఉండకూడదని నేనెప్పుడన్నాను? ఎదురుగా మనిషి కనబడితే ఆగాల్సింది చక్రం. అంతే.

చైనుగ్రీజు
ఆగను అని నేనూ అనలేదు.

బూటుకాళ్ళు
అనలేదు. రాయలేదు కూడా.

ఎగుడుదిగుడు
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నడిచేవాళ్ళు రల్లార్‌వేగెన్ మీద ఎందుకు నడవాలి? కంకర రోడ్డు మీద రోజుకి ఇరవై కిలోమీటర్లంటే అరికాళ్ళు మండుతాయి, మ్యూర్డాల్ కింద దిగుడుకి మోకాళ్ళు పట్టేస్తాయి. ఫిన్సె నుంచే ఇంకో దారి ఉంది. ఉత్తరానికి గైటెరిగ్‌హిట్ట, అక్కణ్ణించి స్టైన్‌బెర్గ్‌డాలెన్, ఓస్టర్‌బో, చివరికి ఔర్లాండ్ లోయగుండా వస్‌బిగ్డి. నాలుగు రోజులు. డీఎన్‌టీ (నార్వే ట్రెక్కింగ్ సంఘం) వాళ్ళు ఎర్రరంగుతో వేసిన 'T' అక్షరం గుర్తులు చూసుకుంటూ పోవడమే. ఆఖరి రోజు ఓస్టర్‌బో నుంచి వస్‌బిగ్డికి దాదాపు 20 కి.మీ., ఆరేడు గంటలు. రాతి గోడ అంచున బాట, కింద ఏరు. తడిస్తే రాయి సబ్బులా ఉంటుంది కాబట్టి మంచి పట్టున్న బూటు, రెండు కర్రలు. ఆ నడకకి రల్లార్‌వేగెన్ సాటి రాదు.

బూటుకాళ్ళు
మంచి సలహా. కానీ ఇంకో దారి ఉంది కాబట్టి నడిచేవాళ్ళు ఈ దారి ఖాళీ చెయ్యాలనకండి.

ఎగుడుదిగుడు
అనడం లేదండి. కాళ్ళ గురించి చెప్పానంతే.

గోదారిగట్టు
అయితే ఒకరు సైకిల్, ఒకరు ఔర్లాండ్ లోయ అనుకుంటున్నాం. వస్‌బిగ్డి నుంచి బస్సులో ఔర్లాండ్ మీదుగా ఫ్లోమ్ వచ్చి కలుసుకోవచ్చు కదా?

ఎగుడుదిగుడు
కలుసుకోవచ్చు. కానీ సైకిల్ మనిషి రెండో రోజుకే ఫ్లోమ్‌లో ఉంటారు, నడిచే మనిషి నాలుగో రోజు సాయంత్రానికి. మధ్యలో రెండు రోజులు ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి. బస్సు టైములు ముందే చూసుకోండి, ఆఖరి బస్సు తప్పితే ఇబ్బంది.

చైనుగ్రీజు
సొంత సైకిలైతే బెర్గెన్ రైల్లో దానికి వేరే టికెట్టు, చోటు ముందే బుక్ చెయ్యాలి. సీజన్‌లో అదే ముందు అయిపోతుంది, సీటు కాదు. తిరిగొచ్చేటప్పుడు ఫ్లోమ్ రైలుదీ అదే కథ. ఆ వంపులకి ఎదురెక్కుదామని మాత్రం అనుకోకండి.

బూటుకాళ్ళు
దిగేటప్పుడు?

చైనుగ్రీజు
దిగేటప్పుడు మనిషి ఎదురైతే ఆగండి. రాశాను, సరేనా?

విశాఖ_వీల్స్
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.