ఎమ్మెస్సీ మెటియరాలజీ యాడ చేరాల? అనంతపురం వాన డేటాతో ప్రాజెక్టు చేయొచ్చా?

పెన్నాతీరం:
బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్సీ మెటియరాలజీకి పీజీసెట్ చాలునా, గేట్ కూడా రాయాల్నా? ఫోర్ట్రాన్ నేర్చుకోవాల్నా, పైథాన్ సరిపోతాదా? లాప్‌టాప్ ఎంత ర్యామ్‌ది తీసుకోవాల? ప్రాజెక్టుకి అనంతపురం వానను ఐఎండీ (భారత వాతావరణ శాఖ) గ్రిడ్‌లో, అంటే గడుల డేటాలో, ఈఆర్ఏ5లో (మోడల్‌ని, కొలతలని కలిపి యూరప్ కేంద్రం తయారుచేసిన పాత వాతావరణ డేటా) చూసి పోల్చాలని ఉంది. తెలిసినోళ్లు చెప్పండన్నా.

సీమగాలి:
పీజీసెట్ ఎమ్మెస్సీకి, గేట్ ఎంటెక్, పీహెచ్‌డీలకి. రెండూ కలిపి బుర్ర పాడు చేసుకోవద్దు తమ్ముడూ. మన రాష్ట్రంలో అయితే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ రాయాల. కొచ్చిన్‌లో కుశాట్ ఉంది. తర్వాత ఎప్పుడైనా గేట్ రాస్తే ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్ తీసుకో: ఆప్టిట్యూడ్ 15, లెక్కలు 15, ఆపైన నువ్వు ఎంచుకునే సెక్షన్లు రెండు, ఒక్కోటి 35. ఫ్లూయిడ్ మెకానిక్స్, అట్మాస్ఫియరిక్ అండ్ ఓషియానిక్ సైన్సెస్ జత బాగా కుదురుతాది, ఎందుకంటే మొదటిదాంట్లో చదివిన నేవియర్ స్టోక్స్ సమీకరణమే (నీళ్లు, గాలి కదలిక లెక్క) రెండోదాంట్లో భూమి తిరుగుడు కలుపుకొని వస్తాది. వెక్టర్ కాలిక్యులస్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు ఇప్పుడే గట్టి చేసుకో. మొదటి సెమిస్టర్‌లో పిల్లోళ్లు జారేది ఆడనే.

గుత్తికోట:
ఆ ప్రాజెక్టు వద్దు తమ్ముడూ. ఈఆర్ఏ5 వాన మన సీమకు పనికిరాదు. రోజువారీ కోరిలేషన్ (రెండూ ఎంత కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె) అడుగంటుతాది, పట్టిక చూసి గైడ్ నవ్వుతాడు.

యూటీసీ0300:
అది ఈఆర్ఏ5 తప్పు కాదు, తేదీలు సరిచూసుకోకపోవడం తప్పు. ఐఎండీ వాన రోజు పొద్దున 8:30తో ముగుస్తుంది, అంటే 03 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే అయిదున్నర గంటలు వెనక). ముగిసిన రోజు తేదీనే వేస్తారు. మనకు సెప్టెంబర్‌లో ఉరుముల వానలు సాయంత్రం, రాత్రి పడతాయి. 14వ తేదీ రాత్రి 10కి పడిన వాన ఐఎండీలో 15 కింద ఉంటుంది. అదే వాన యూటీసీలో 14 సాయంత్రం నాలుగున్నర, కాబట్టి ఈఆర్ఏ5 రోజు మొత్తంలో 14 కింద పడుతుంది. రాత్రి వానలన్నీ ఒక రోజు పక్కకు జరిగితే కోరిలేషన్ యాడనుంచి వస్తుంది?

ఇంకో మెలిక: ఈఆర్ఏ5లో గంట వాన ఆ గంట చివరి సమయం మీద రాసి ఉంటుంది. 04:00 దగ్గరున్న అంకె 03 నుంచి 04 దాకా పడింది. అంటే ఐఎండీ 15వ తేదీ = ఈఆర్ఏ5లో 14న 04:00 నుంచి 15న 03:00 వరకు, 24 అంకెలు. సీడీవోలో (ఇలాంటి ఫైళ్ల లెక్కలు చేసే టూల్) టైమ్‌ను 20 గంటలు ముందుకు జరిపి డేసమ్ (రోజు మొత్తం) కొట్టండి, సరిగ్గా కూర్చుంటుంది. యూనిట్ మీటర్లలో ఉంటుంది, 1000తో గుణించాలి.

గుత్తికోట:
పాఠం చెప్పినందుకు సంతోషం. నెలసరి మొత్తాలు చేస్తే ఈ 20 గంటల గోల ఎందుకు? అసలు రోగం వేరే. ఈఆర్ఏ5 చిన్న తుంపర్లను ఎక్కువ రోజులు చూపిస్తాది, గట్టి వానను తగ్గిస్తాది. జరిపినా అది పోదు.

యూటీసీ0300:
మీరు పైన రాసింది రోజువారీ కోరిలేషన్ గురించి. ఇప్పుడు నెలకు దూకుతున్నారు. తుంపర్ల సంగతి నిజమే, అందుకే వాన రోజులు లెక్కించేటప్పుడు ఐఎండీ పద్ధతిలో 2.5 మి.మీ. గీత పెట్టాలి. సున్నా కంటే ఎక్కువున్న రోజులన్నీ లెక్కిస్తే ఏ మోడల్ అయినా చెడ్డదిగానే కనిపిస్తుంది.

ఐఎండీ 0.25 డిగ్రీ ఫైలు చదివేటప్పుడు కూడా చూసుకోవాలి. 135 రేఖాంశాలు, 129 అక్షాంశాలు, 4 బైట్ల ఫ్లోట్. మామూలు ఏడాది ఫైలు 2,54,25,900 బైట్లు ఉండాలి, తేడా ఉంటే డౌన్‌లోడ్ తెగినట్టే. మొదలు 6.5 ఉత్తరం, 66.5 తూర్పు. అనంతపురం ఊరికి దగ్గరి గడి 14.75, 77.5. పైథాన్‌లో సున్నా నుంచి లెక్కిస్తే 33, 44. డేటా లేనిచోట ఉండే మైనస్ 999ను మాస్క్ చేయకుండా (లెక్కలోంచి తీయకుండా) జిల్లా సగటు తీస్తే నెగెటివ్ వాన వస్తుంది.

వానకొలత:
గడి అంటే కొలత కాదు నాయనా, చుట్టుపక్కల గేజీల (వాన కొలిచే పరికరాల) నుంచి అల్లిన అంకె. గేజీ దగ్గరే తప్పయితే మీ 20 గంటలు ఏం చేస్తాయి? గేజీ పైన వాన పట్టే మూతిని కలెక్టర్ అంటారు, అవి 100, 200 చదరపు సెంటీమీటర్లవి రెండు రకాలు. 200కి చేసిన కొలగ్లాసులో 20 మిల్లీలీటర్లకు 1 మి.మీ. గీత ఉంటాది. దాన్ని 100 కలెక్టర్‌కి వాడితే వాన సగమే కనపడతాది, గ్లాసు పగిలినప్పుడు చేతికందింది పెట్టేదే దీనికి కారణం. గేజీ అంచు నేల నుంచి 30 సెం.మీ., పక్కన చెట్టు గానీ గోడ గానీ ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాల.

చిత్రావతి:
జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన మన అనంతపురానిదే కదా, ప్రాజెక్టు మొదటి వాక్యం అదే పెట్టు.

సీమగాలి:
పెట్టొద్దు. వైవాలో మొదటి ప్రశ్నే అదవుతాది. మనకు ఏడాదికి సుమారు 550 మి.మీ. బాడ్మేర్, బికనీర్‌లలో అంతకంటే చాలా తక్కువ, లేహ్‌లో 100 చుట్టూ. పశ్చిమ కనుమల చాటు అని రాయి, అది నిలబడతాది.

చిత్రావతి:
చిన్నప్పటినుంచి పేపర్లో అట్లే రాస్తారు, అందరూ తప్పేనా?

సీమగాలి:
అంకెలు ముందున్నాయి కదమ్మా. చూసుకో.

బుగ్గవంక:
ఇవన్నీ ఎక్సెల్ లెక్కలు. పీజీలో చేయాల్సింది డబ్ల్యూఆర్ఎఫ్ (వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కించే మోడల్). కడప 2021 నవంబర్ వరద కేసు నిద్రలో కూడా సెట్ చేస్తా, రాసుకోండి. 19 తెల్లవారుజామున వాయుగుండం చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది, ఆ రోజే చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది. కాబట్టి 17న 00 యూటీసీకి మొదలుపెట్టి, తొలి 12 గంటలు (మోడల్ కుదురుకునే సమయం) వదిలేయాల. బయటి డొమైన్ (మోడల్ లెక్కించే ప్రాంతం) గడి 9 కి.మీ., లోపలిది 3. బంగాళాఖాతం బయటి డొమైన్‌లో బాగా ఉండాల, డొమైన్ అంచు పాలకొండల మీద పడకూడదు. టైమ్ స్టెప్ సెకన్లలో గ్రిడ్ కిలోమీటర్లకు ఆరింతలు దాటొద్దు: 9కి 54 లోపు, 45 పెట్టు. సీఎఫ్ఎల్ ఎర్రర్ (టైమ్ స్టెప్ మరీ పెద్దదైందని) వస్తే 36కి దించు. 3 కి.మీ.లో క్యుములస్ స్కీమ్ (ఉరుము మేఘాలను అంచనాగా లెక్కించేది) సున్నా, అంటే ఆపేయాల. మొదట్లోనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (మెమరీ ఎర్రర్) అంటే ముందు స్టాక్ లిమిట్ అన్‌లిమిటెడ్ చేసి చూడు.

యూటీసీ0300:
ఒకటి వదిలేశారు. అవుట్‌పుట్‌లో వాన మొదటి నుంచి కూడుకుంటూ పోతుంది. 19వ తేదీ 03 యూటీసీ అంకెలోంచి 18వ తేదీ 03 యూటీసీ అంకె తీసేస్తేనే ఐఎండీ 19తో పోల్చగలరు.

గుత్తికోట:
మళ్లీ అదే 0300!

వేరుశనగ_ఎస్‌పీఐ:
కరువు సూచిక ఎస్‌పీఐ (మామూలుతో పోలిస్తే వాన ఎంత తక్కువో, ఎక్కువో చెప్పేది) కూడా చేసేటట్టయితే ఫిబ్రవరికి ఒక నెలది వేయొద్దు. సగానికి పైగా ఏళ్లలో సున్నానే ఉంటే, ఆ సున్నాల వంతు కలిపాక వాన పడకపోయినా సూచిక మామూలుగానో, కొంచెం పైనో వస్తాది. జూన్ నుంచి సెప్టెంబర్‌కి నాలుగు నెలలది వేయి, కనీసం 30 ఏళ్ల డేటాతో. పంట కావాలంటే రేకులకుంట పరిశోధన కేంద్రం విత్తే అదునుల పని చూడు.

పెన్నాతీరం:
అన్నా, లాప్‌టాప్?

బుగ్గవంక:
16 జీబీ, లినక్స్. డబ్ల్యూఆర్ఎఫ్‌కి కావాల్సిన భూతల డేటాకే 30 జీబీ దగ్గర డిస్క్ పోతాది, ఎస్‌ఎస్‌డీ 512 తీసుకో. పైథాన్‌లో ఎక్స్‌అర్రే (గడుల డేటా చదివే లైబ్రరీ) ముందు నేర్చుకో, ఫోర్ట్రాన్ రాయకపోయినా చదవడం రావాల. మోడల్ ఆగిపోయినప్పుడు చూడాల్సింది ఆ కోడే.