సెప్టెంబర్‌ల శ్రీలంక అడవులు: రిటైరైన ఇద్దరం, తక్కువ ఖర్చుల ఎట్ల పోవాలె?

హన్మకొండ సార్:
అందరికీ నమస్తే. నేను, మా ఇంటామె ఇద్దరం రిటైరైనం, నేను స్కూల్‌ల జీవశాస్త్రం చెప్పేటోన్ని, ఆమె పోస్టాఫీస్‌ల చేసేది. పిల్లలేమో దుబాయి పోండి సింగపూర్ పోండి అంటున్నరు, మాకు ఆ మాల్స్ గీల్స్ చూసే సోకు లేదు, జంతువులు చూడాలె. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ అన్నీ తిరిగినం, జన్నారం దగ్గర పులి అడుగులు చూసినం గనీ పులైతే కనపడలే. ఇప్పుడు శ్రీలంక పోదామని ఉంది. ఒక ఏజెంట్‌ను అడిగితే యాల పార్కుల చిరుతలు, మిరిస్సల తిమింగలాలు, సింహరాజ అడవి, హార్టన్ ప్లెయిన్స్ అన్నీ వారంల చూపిస్త అంటున్నడు, రేటు వింటే కళ్లు తిరిగినయ్. పెన్షన్ పైసలు కదా, ప్యాకేజీ లేకుండ మేమే పోవచ్చా? సెప్టెంబర్ మొదట్ల పోయి ఎంగిలిపూల బతుకమ్మ వరకు ఇంట్ల ఉండాలె. నాకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడువలేను. ఆమె నీసు ముట్టది. పోయొచ్చినోళ్లు జర చెప్పండి.

పాకాల పిట్ట:
సార్ నమస్తే. ముందుగాల ఆ ఏజెంట్ లిస్టును పక్కన పెట్టండి, మీరు చెప్పిన నెలకు అది అస్సలు సెట్ కాదు. యాలల అందరూ పోయేది బ్లాక్ 1కి, చిరుతలు ఎక్కువుండేది అక్కడనే. ఆ దిక్కు వానలు లేని కాలం ఇదే, ఆ కరువుకు దాన్ని సెప్టెంబర్ నుంచి అక్టోబర్ నడుమ దాక మూసేస్తుంటరు. మిరిస్స తిమింగలాల సీజన్ డిసెంబర్ నుంచి ఏప్రిల్, సెప్టెంబర్‌ల అక్కడ సముద్రం పోటు మీదుంటది, పడవెక్కితే కక్కుడే. హార్టన్ ప్లెయిన్స్‌ల సుమారు 9 కిలోమీటర్లు నడువాలె, మీ మోకాళ్లకు వద్దు. సింహరాజ వాన అడవి, ఏ నెలల పోయినా వాన, జలగలు ఉండొచ్చు. ఇగ ఏం మిగిలింది?

మిగిలిందే అసలు సంగతి సార్. సెప్టెంబర్ అంటే మిన్నేరియ, అదొక పెద్ద చెరువు, దాని చుట్టూ పార్కు. దాన్ని మహాసేనుడనే రాజు 3వ శతాబ్దంల కట్టించిండు, మన పాకాల కన్నా దాదాపు వెయ్యేండ్లు పాతది. మీకు చెరువు శిఖం తెలుసు కదా, ఎండకాలం నీళ్లు వెనుకకు పోతుంటే శిఖంల లేత గడ్డి మొలుస్తది, మన దగ్గర బర్లు వస్తయ్, అక్కడ ఏనుగులొస్తయ్, అంతే తేడా. చుట్టుపక్కల అడవులల్ల నీళ్లు ఎండిపోయినంక మందలు మందలు ఆ గడ్డి మీదికి దిగుతయ్, ఆగస్టు సెప్టెంబర్‌లల్ల వందల ఏనుగులు ఒక్కకాడ కనపడ్తయ్, దాన్ని గ్యాదరింగ్ అంటరు. పొద్దున పోతే లాభం లేదు, అవి నీడల ఉంటయ్. మూడు దాటినంక పోవాలె, అప్పుడు ఒక్కో మంద చెట్లల్ల నుంచి బయటికొస్తది, పెద్దామె ముందు, పిల్లలు నడుమ, కాలుతోని గడ్డిని గీరి మట్టి దులిపి నోట్ల పెట్టుకుంటయ్, మీరు బయాలజీ సార్ కాబట్టి ఆ ఒక్కటి చూస్తూ గంట కూసుంటరు.

ఒక సంగతి యాదుంచుకోండి. ఎగువల మొరగహకంద ప్రాజెక్టు కట్టినంక నీళ్లు ఎక్కువ వదిలితే చెరువు నిండి గడ్డి మునుగుతది, అప్పుడు ఏనుగులు పక్కనున్న కవుడుల్ల, హురులు పార్కుల దిక్కు పోతయ్. హబరణల (ఆ పార్కుల దగ్గరి ఊరు) దిగి జీపోల్లను ఇయ్యాల ఏనుగులు ఏడున్నయ్ అని అడిగి, ఆ పార్కుకే టికెట్ తీయండి. ముందుగాల ఆన్‌లైన్‌ల పైసలు కట్టేసి కూసుంటే మిన్నేరియల ఉత్త నీళ్లు చూసి రావాలె.

కాజీపేట్ జంక్షన్:
సార్ ఖర్చు సంగతి నేను చెప్త. వరంగల్ నుంచి చెన్నైకి స్లీపర్‌ల పోండి (సీనియర్ సిటిజన్ రాయితీ 2020ల తీసేసిన్రు, ఇగ మళ్ల ఇస్తరనే ఆశ నాకైతే లేదు), చెన్నై నుంచి కొలంబో ఫ్లైట్ గంటంబావుకు అటు ఇటు. శంషాబాద్ నుంచి డైరెక్ట్ ఉంటే అది ఇది రేటు పోల్చుకోండి, ఒక్కోసారి చెన్నైల రూము, ఆటోల పైసలు కలిపితే తేడా ఏం ఉండది. పోయే ముందు ఈటీఏ (వాళ్ల దేశంలకు పోయే అనుమతి) ఆన్‌లైన్‌ల తీసుకోవాలె, ప్రభుత్వ సైట్‌లనే తియ్యండి, నడుమ దళారీ సైట్లు ఊకె పైసలు గుంజుతయ్.

ఎయిర్‌పోర్ట్ కటునాయకల ఉంటది, కొలంబోకు ఉత్తరాన. హబరణ పోవాలంటే కొలంబో లోపలికి పోవుడే అవసరం లేదు, కురునేగల, దంబుల్ల మీదికెళ్లి బస్సులల్ల పోవచ్చు. ఎర్ర బస్సులు సర్కారువి, టికెట్ మన ఆర్టీసీ లెక్క చానా తక్కువ గనీ సామాన్లు పెట్టుకునే జాగ ఉండది, చిన్న బ్యాగులే తీసుకపోండి. మన రూపాయికి వాళ్లవి మూడుకు పైన వస్తయ్. యూపీఐ అక్కడ 2024 ఫిబ్రవరిల మొదలైంది, కొలంబోల పెద్ద దుకాణాలల్ల పనిచేస్తది గనీ జీపోల్లకు, గెస్ట్‌హౌసోల్లకు నోట్లే కావాలె.

అసలు ఖర్చంత జీపు దగ్గర, పార్కు టికెట్ దగ్గరనే. జీపు కిరాయి మనిషికి కాదు, బండికి. ఇద్దరే పోతే మొత్తం మీ మీదనే పడ్తది, గెస్ట్‌హౌస్‌ల ఇంకో జంట ఉంటే కలుపుకోండి, ఓనర్‌కు చెప్తే వాళ్లే చూస్తరు. టికెట్ బోర్డు మీద రాసింది ఒకటి, దాని మీద సర్వీస్ చార్జి, బండి చార్జి, ట్యాక్స్ పడి ఇంకొకటి అయితది, కౌంటర్ దగ్గర లొల్లి పెట్టుకోకండి, అది మోసం కాదు, వాళ్ల పద్ధతే అంత. సిగిరియ కోట లాంటి కాడ మన లాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలోల్లకు టికెట్ దాదాపు సగమే, పాస్‌పోర్ట్ చేతుల ఉండాలె. పార్కులల్ల కూడా అడగండి. శనాదివారాలు, పున్నమి రోజు పోకండి, పున్నమి అక్కడ సెలవు, జనం మస్తుగ ఉంటరు.

గోదావరిఖని బ్యాచ్:
ఇన్ని తిప్పలెందుకు సార్, మన పక్కనే తాడోబ ఉంది, కాజీపేట్‌ల రైలెక్కితే చంద్రపూర్, పులి గ్యారంటీ అన్నట్టే, పాస్‌పోర్ట్ లేదు ఏం లేదు

పాకాల పిట్ట:
అన్నా, తాడోబ కోర్ వానకాలం బంద్ ఉంటది, సార్ పోయేది సెప్టెంబర్‌ల. మళ్ల అడవిల ఏది గ్యారంటీ లేదు, సార్ కవ్వాల్ పోయొచ్చిన్రని చదువలేదా 😀 ఎండకాలం తాడోబ పోవాలె, ఆ మాట నిజమే. చిరుత మీద మనసుంటే లంకల ఒక మజా ఉంది, అక్కడ పులీ లేదు సింహం లేదు, చిరుతే పెద్ద, అందుకే పగటిపూట కూడా దర్జాగ బండ మీద పండుకుంటది. గనీ అది యాల తెరిచి ఉన్నప్పటి ముచ్చట, ఫిబ్రవరి నుంచి జూలై దాక మంచిగుంటది. ఇప్పుడు ఏనుగులు చూసి రండి.

సార్, రెండో జాగ ఉదవలవే పార్కు పెట్టుకోండి, అది ఏ నెలల పోయినా ఏనుగులుంటయ్, బయలు గడ్డినేల కాబట్టి దూరం నుంచే కనపడ్తయ్. క్యాండీ నుంచి ఎల్ల అనే కొండల ఊరికి రైలు నడుస్తుంటే అదెక్కి (వానలకు కొండ లైన్ మీద మట్టి కూలుతది, ముందే కనుక్కోండి) ఎల్ల నుంచి వెల్లవాయ, తనమల్విల మీదుగ బస్సుల దిగొచ్చు. ఉదవలవే దగ్గరికొస్తుంటే కిటికీ పక్కన కూసోండి, రోడ్డు పొంటి కరెంటు కంచె అవతల మగ ఏనుగులు పండ్ల కోసం నిలవడి ఉంటయ్, బస్సు టికెట్‌కే చూసినట్టు. ఏం పెట్టకండి, అట్ల అలవాటై కంచె తెంపుకొని బయటికొస్తున్నయ్. చూస్తే అక్కడ చానా మగ ఏనుగులకు దంతాలే ఉండవు.

పార్కు పక్కనే తల్లి లేని ఏనుగు పిల్లలను సాదే సెంటర్ ఉంది, 1995 నుంచి నడుస్తుంది. మూడు గంటలకోసారి పాలు పోస్తరు, మనం మెట్ల మీద కూసోని చూసుడే, ముట్టనియ్యరు. గేటు తీయంగనే ఒక్కొక్కటి ఉరికొస్తది, గరాటు పెట్టి పైపుల పాలు పోస్తుంటే అయిపోయినంక కూడా ఇంకా కావాల్నని పక్కదాన్ని నూకుతుంటది. పెద్దగైనంక అడవిలకే వదిలేస్తరు, అందుకే నాకు ఏనుగు సవారీలు, గొలుసులు కట్టిన జాగల కన్న ఇదే నచ్చింది. ఆ సవారీలకు పైసలు పెట్టకండి.

భూపాలపల్లి అక్క:
మేడం తిండి గురించి ఎవ్వరు చెప్పలే. అక్కడ వెజ్ అని చెప్తే సరిపోదు, కొబ్బరి సంబోల్‌ల (వాళ్ల కొబ్బరి పచ్చడి) ఎండు చేప పొడి కలుపుతరు, చూడనీకి ఏం కనపడదు. చేప లేకుండ, ఎండు చేప కూడా లేకుండ అని ఇడమరిచి చెప్పాలె. పప్పు, అన్నం, పనసకాయ కూర, ఇడియాప్పం దండిగ దొరుకుతయ్, పప్పుల కూడా అడగాలె. ఇంటోల్లు నడిపే గెస్ట్‌హౌస్ అయితే ముందురోజే చెప్తే మంచిగ చేసిపెడ్తరు. ఒక డబ్బల మన మామిడికాయ తొక్కు తీసుకపోండి, వాళ్ల కూరలన్నీ కొబ్బరిపాలే, రెండో దినానికి నోరు చప్పబడ్తది. మలేరియా లేదు అక్కడ, 2016లనే లేదని సర్టిఫికెట్ ఇచ్చిన్రు, డెంగ్యూ మాత్రం ఉంది, దోమల క్రీమ్ పగలు కూడా రాసుకోవాలె. బీపీ షుగర్ గోలీలు చీటీతోని సహా చేతి బ్యాగుల పెట్టుకోండి.

హన్మకొండ సార్:
అందరికి మస్తు థాంక్స్. ఏజెంట్‌కు వద్దని చెప్పేసిన. మిన్నేరియ, ఉదవలవే రెండే, నడుమ రైలు. మా ఆమె ఏనుగు పిల్లల ముచ్చట చదివి ఆడనే ఇంకొక దినం ఉందామంటుంది. ఒక్కటి అడుగుత, జీపుల కుదుపులు ఎక్కువుంటయా, నడుము తట్టుకుంటదా?

పాకాల పిట్ట:
కుదుపులు ఉంటయ్ సార్. ఎనుక సీటు వద్దు, చక్రం మీద పడి నడుము ఇరుగుతది. డ్రైవర్ ఎనుక మొదటి వరుసల కూసోండి, మెల్లగ పోనియ్యుమని ఎక్కకముందే చెప్పండి. పూట సఫారీ చాలు, దినమంత బుక్ చేయకండి.